ఆఖరి ఓడ వెనక

అమరనాథ్‌కు సముద్రం ఇచ్చారన్న కబురు అందరికంటే ముందు పత్తర్‌గట్టిలోని ఇత్తడి సామాన్ల దుకాణానికి చేరింది. దుకాణం వాళ్లదే. గల్లా దగ్గర కూర్చున్న అతని అక్క నాగమణమ్మ, టీవీలో తమ్ముడు ఢిల్లీలో ప్రమాణం చేసి వేదిక దిగడం చూసింది. కింద పరుగెత్తుతున్న అక్షరాలు చదివింది. చేతిలోని చెంబును మెల్లగా అల్మారాలో పెట్టింది. బేరమాడుతున్న ఆడమనిషి ఏమైందక్కా అని అడిగితే, మావోన్ని నౌకాదళం చూసే సహాయమంత్రిని చేసిన్రు అని చెప్పి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. పైటకొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

"హుస్సేన్‌సాగర్‌ల బోటెక్కితేనే కక్కుకున్నడు. గసుంటోనికి సముద్రమిచ్చిన్రు."

ఆ మాట సాయంత్రంలోగా చార్మినార్ దాటి లాల్‌దర్వాజా చేరింది. అక్కడ జనం అనుకున్నది వేరు. పట్టణాల శాఖ ఇస్తారని, మోరీలు, రోడ్లు బాగుపడతాయని ఆశపడ్డారు. అందరూ తలా ఒకటి పట్టుకుపోగా ఎవరూ అడగనిది మిగిలిందని, అదే మనోడికి అంటగట్టారని కొందరు సణిగారు. మన గల్లీల్లో వానపడితే సముద్రమే కదా, పనికొచ్చే శాఖే అన్నారు మరికొందరు. సణిగినవాళ్లు, నవ్వినవాళ్లు కలిసే పటాకులు కాల్చారు. రాజన్న బృందం డప్పులు తెచ్చింది. పాతబస్తీ నుంచి ఒకడు మంత్రి అయ్యాడు, ఆ సంబరం ముందు ఏ శాఖైతేనేం.

దుకాణం మెట్టు మీద కూర్చున్న ఇశ్రాయేలు మాత్రం నవ్వలేదు, ఎగరలేదు. అతను మాటలు తక్కువ మనిషి. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రోజూ ఉప్పుగూడ నుంచి బస్సులో వచ్చి ఆ మెట్టు మీద కాసేపు కూర్చుంటాడు, నాగమణమ్మ తెప్పించే చాయ్ తాగుతాడు, వచ్చేపోయేవాళ్లను చూస్తాడు, వెళ్లిపోతాడు. ఆ రోజు వెళ్లేటప్పుడు ఒక్క మాట అన్నాడు. అమర్ భాయ్ ఏడున్నా ఎనకనే ఉంటడు, ఏం ఫికర్ లేదక్కా అని.

దాని అర్థం నాగమణమ్మకు తెలుసు. తెలియనివాళ్లకు ఆ గేటు సంగతి చెప్పాలి.

అప్పటికి అమరనాథ్‌కు మీసం సరిగా రాలేదు. స్కూటరుకు వెనకాముందూ బిందెలు కట్టుకుని ఉప్పుగూడ వైపు దుకాణాలకు వేసి వచ్చేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చింది. ఇంజను, దాని వెనక పెట్టెలు గడగడమంటూ దాటిపోయాయి. దుమ్ము అణిగింది. గేటుకు అటూ ఇటూ ఆటోలు, సైకిళ్లు, ఒక పెండ్లి బస్సు. అందరూ హారన్లు మోగిస్తున్నారు. గేట్‌మన్ మాత్రం గేటు ఎత్తడం లేదు. ఎర్రజెండా పట్టుకుని, బండి వచ్చిన దిక్కుకే చూస్తూ నిలబడ్డాడు.

అమరనాథ్ స్కూటరు స్టాండు వేసి అతని మీదికి పోయాడు.

"ఏంది భాయ్, నిలవడి నిద్రవోతున్నవా? బండి పోయింది గద, గేటు తియ్."

ఇశ్రాయేలు తల తిప్పకుండానే చెప్పాడు. "ఇంజను పోయింది. బండి పోలె."

బండి చివరి పెట్టె వెనక ఒక గుర్తు పలక వేలాడుతుంది. అది కనబడితేనే బండి మొత్తం దాటినట్టు. ఇప్పుడు దాటిన చివరి పెట్టెకు పలక లేదు. ఆ సంగతి ఇశ్రాయేలు చెప్పలేదు, చెప్పే తీరిక లేదు. జనం తిడుతూనే ఉన్నారు. పెండ్లి బస్సులోంచి ఎవరో అతని పుట్టుకను కూడా ఎత్తారు. అంతలో మలుపు దగ్గర ఏదో నల్లగా కదిలింది. నడుమ కొక్కెం తెగి వెనకబడిపోయిన సగం బండి, ఇంజను లేకుండా, కూత లేకుండా, వాలులో తనంతట తాను దొర్లుకుంటూ వచ్చింది. గేటు మధ్యలోంచి గాలి కొట్టినట్టు పోయింది. ఆఖరి పెట్టె వెనక పలక ఊగుతోంది. అప్పుడు ఇశ్రాయేలు జెండా చుట్టి, ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

హారన్లు ఆగిపోయాయి. ఆ అదురుకు అమరనాథ్ స్కూటరు మీద బిందెలు ఒకదానికొకటి తగిలి ఇంకా మోగుతున్నాయి.

మర్నాడు అతను మూతున్న ఇత్తడి చాయ్ చెంబు ఒకటి తెచ్చి గేటు గుడిసెలో పెట్టి, నోరుజారిన, మాఫ్ చెయ్యన్నా అన్నాడు. అలా మొదలైంది దోస్తీ.

ఆ తర్వాత ఆషాఢంలో అమ్మవారి ఘటాల ఊరేగింపు. అమరనాథ్ అప్పటికి కమిటీలో ఉన్నాడు. ముందు ఏనుగు, దాని వెనక ఒక్కో బస్తీ ఘటం, నయాపూల్ దాకా పోవాలి. లీడర్లంతా ఏనుగు దగ్గరే ఉంటారు, కెమెరాలు అక్కడే ఉంటాయి కదా. ఆ ఏడు నడుమలో వాన కొట్టింది, కరెంటు పోయింది. ముందువాళ్లు నయాపూల్ చేరారు. వేదిక మీద శాలువాలు కప్పుకుంటూ, ఊరేగింపు శాంతియుతంగా ముగిసిందని మైకులో చెప్పేశారు. ఆఖరి బస్తీ ఘటం మాత్రం పత్తర్‌గట్టిలోనే ఆగిపోయింది. పోలీసులు ఇక ఇంటికి పొండని నెడుతున్నారు, రాజన్న తడిసిన డప్పు పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. వేదిక మీద అమరనాథ్ కుర్చీ ఖాళీ. చూస్తే వానలో వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఆ ఘటం పక్కన నిలబడి ఉన్నాడు. ఖాళీ కుర్చీ చూసి వెతుక్కుంటూ వచ్చిన ఇశ్రాయేలు వెంట ఉన్నాడు, చేతిలో రైల్వే లాంతరు. ఆ ఒక్క దీపంతో ఆ ఘటం నయాపూల్ చేరింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అమరనాథ్ ఆఖరి ఘటం వెనకే నడిచాడు.

అదే అతని రాజకీయం కూడా అయింది. ఓట్లు అడగడం గల్లీ చివరింటి నుంచి మొదలుపెట్టేవాడు. కార్పొరేటర్ అయ్యాక, నీళ్లు వదిలామని అధికారులు ఫోన్ చేస్తే సరే అనేవాడు కాదు. పైపులైను కొసన ఉన్న బాలమ్మ ఇంటికి పోయి నల్లా కింద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు సరే అనేవాడు. ఫొటోల్లో ఎప్పుడూ ఎవరి భుజాల వెనకో సగం మొహం కనిపించేది. అలాంటివాడు ఎట్లా పైకొస్తాడని పార్టీలో వెక్కిరించినవాళ్లు, అతన్ని పార్లమెంటుకు పంపే రోజు వచ్చేసరికి దండలు పట్టుకుని ముందు నిలబడ్డారు.

మంత్రి అయి గట్టిగా నెల తిరిగిందో లేదో, గల్ఫ్‌లో యుద్ధం మొదలైంది.

రెండు దేశాలు కలబడ్డాయి. మధ్యలో ఉన్న సన్నటి సముద్రపు దారి మూసుకుపోయినంత పనైంది. టీవీలో పటం చూపిస్తే నాగమణమ్మ, ఇది గుల్జార్‌హౌజ్ కాడి గల్లీ లెక్కనే ఉన్నది, పండుగ పూట ఒక్క బండి అడ్డం పడితే ఖతం, అంది. ఆ గల్లీకి అవతల మన దేశపు సరుకు ఓడలు చిక్కుకుపోయాయి. నీళ్లలో మందుపాతరలు, పైన డ్రోన్లు. ఢిల్లీలో రక్షణశాఖ పెద్దమంత్రి గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు. బరువంతా వచ్చి, బోటెక్కితే వాంతి చేసుకునే అమరనాథ్ నెత్తిన పడింది.

చిక్కిన ఓడల్లో ఒకదాంట్లో ఇశ్రాయేలు కూతురుంది.

స్వీటీ అతనికి, కాశమ్మకు ఒక్కతే. చిన్నప్పుడు గేటు గుడిసె ముందు కూర్చుని, పోయే ప్రతి బండికీ చెయ్యి ఊపేది. ఇంటర్ కాగానే ఓడల చదువు చదువుతానంటే కాశమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. ఇశ్రాయేలు మాత్రం చదవనీ అన్నాడు, అంతే. ఇప్పుడామె ఎరువులు మోసే ఓడలో థర్డ్ ఆఫీసర్. యుద్ధం మొదలయ్యాక సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోన్ చేసేది, నవ్వుతూనే మాట్లాడేది. ఒక పొద్దున మాత్రం నవ్వలేదు.

"డాడీ, నేవీవాళ్లు ఓడలను గుంపు కట్టి తోల్కపోతరట. మాది ఉరకలేదు డాడీ, ఇంజను ముసలిది. ఉరికేటియి ముందు పోతయి, మిగిలినయి మళ్ల చూస్తం అంటున్రు."

మళ్ల అంటే ఎప్పుడని ఇశ్రాయేలు అడిగాడు.

"మళ్ల అంటే మళ్లనే. అప్పటికి ఈ తొవ్వ తెరిచుంటే."

ఫోన్ పెట్టేశాక కాశమ్మ కుట్టుమిషను ఆపి అతని వైపు చూసింది. ఆ చూపులో ఏముందో అతనికి అర్థమైంది. అమరనాథ్‌ను అతను ఏనాడూ ఏదీ అడగలేదు. స్వీటీ ఫీజుకు పీఎఫ్ తీశాడు గానీ దుకాణం మెట్టు మీద ఆ మాట ఎత్తలేదు. దోస్తీలో సిఫారసు కలిస్తే ఆ చాయ్ రుచి మారుతుందని అతని భయం. కాశమ్మ ఒకటే అన్నది, నీ పంతం నీకే ఉండనీ, నా పిల్లను నాకు తెప్పియ్యి అని.

పొద్దున దుకాణం తెరిచి ఊదుబత్తి ముట్టించే వేళకు అమరనాథ్ రోజూ అక్కకు ఫోన్ చేస్తాడు. మంత్రి అయ్యాక కూడా తప్పలేదు. ఇశ్రాయేలు ఆ వేళకు పోయి నిలబడ్డాడు. నాగమణమ్మ అతని మొహం చూసి ఏమీ అడక్కుండానే ఫోను చేతికిచ్చింది.

"అమర్ భాయ్," అన్నాడు ఇశ్రాయేలు. దగ్గి మళ్లీ మొదలుపెట్టాడు. "ఎన్నడు అడగలే నిన్ను. ఇయ్యాల అడుగుతున్న. పిల్ల ఓడ ముందల వెట్టియ్యి."

అవతల ఎవరెవరో ఇంగ్లీషులో మాట్లాడుకోవడం వినబడుతోంది. కుర్చీలు జరుగుతున్నాయి. ఆ చప్పుడు మధ్యే అమరనాథ్ గొంతు వచ్చింది.

"ముందల వెట్టలేనన్నా."

"ఎందుకు?"

"ఇది ఫోన్ల చెప్పే ముచ్చట గాదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

"ఫికర్ చెయ్యకని లీడర్లందరంటరు," అని ఇశ్రాయేలు ఫోను నాగమణమ్మకు ఇచ్చేశాడు. చాయ్ వచ్చింది. తాగలేదు.

ఆ సాయంత్రమే స్వీటీ నుంచి మెసేజ్. అందరూ కలిసే బయల్దేరుతున్నారు, వాళ్ల ఓడ కూడా. కానీ వరుసలో వాళ్లదే ఆఖరు. ఇక ఫోన్లన్నీ బంద్ చేస్తున్నారు, అమ్మకు చెప్పు అని రాసింది.

కాశమ్మ అది చదివించుకుని విన్నది. ఆఖరున ఎవరు పెట్టారని అడిగింది. తెంపుకుపోయేవాడు ఎప్పుడూ కొసనే తెంపుతాడు, దొంగ కొట్టేది గుంపులో వెనకబడ్డవాణ్ణే. అది ఇద్దరికీ తెలుసు. కాశమ్మ లేచి అటక మీది నుంచి ఆ పాత ఇత్తడి చాయ్ చెంబు దించి, కాగితంలో చుట్టి, అతని ముందు పెట్టింది.

"గిది ఆయనది ఆయనకిచ్చిరా. మనకొద్దు."

మర్నాడు ఇశ్రాయేలు దాన్ని పట్టుకుని పత్తర్‌గట్టికి పోయేసరికి దుకాణం ముందు అడుగు పెట్టే జాగా లేదు. ఓడలు బయల్దేరాయని టీవీల్లో చెప్పేశారు. పక్క అత్తరు దుకాణం సాబ్ తన కుర్చీలన్నీ బయట వేయించాడు. లాల్‌దర్వాజా నుంచి రాజన్న డప్పులతో వచ్చాడు. పార్టీ యువజన నాయకుడు వివేక్ వచ్చి, దుకాణం నుంచి మలుపు దాకా పటాకుల లడీ పరిపించాడు. గాజులు కొనడానికి వచ్చిన పెండ్లివారు కూడా బేరం మరిచి టీవీ ముందు నిలబడ్డారు. పాతబస్తీ మొత్తానికి ఆ రోజు సముద్రం మీద హక్కు వచ్చినట్టుంది. నిన్నటిదాకా పడవ చూడనివాడు కూడా, ఎడమకు తిప్పాలె, గాలి అటున్నది అని చెబుతున్నాడు.

ఇశ్రాయేలు జనంలోంచి తోసుకుంటూ పోయి, గల్లా మీద కాగితం పొట్లం పెట్టాడు. నాగమణమ్మ విప్పి చూసింది. దుకాణంలో అన్ని ఇత్తడి సామాన్ల మధ్య ఆ చెంబు ఎప్పటిదో ఆమె గుర్తుపట్టింది.

"ఇయ్యాల తీస్కోను," అంది. "వాపస్ ఇచ్చుడే అయితే ఓడలొచ్చినంక ఇయ్యి. అప్పుడు నేనే వాని నెత్తి మీద కొడ్త."

చెంబు గల్లా మీదే ఉండిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి టీవీలో బొమ్మ మారింది. నీలం నీళ్లు, ముందు బూడిదరంగు యుద్ధనౌక, దాని వెనక వరుసగా ఓడలు. ఇరుకు దారి దాటి వెడల్పు సముద్రంలోకి వచ్చాయని యాంకరమ్మ అరిచినంత పని చేసింది. నౌకలన్నీ సురక్షితం అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. పత్తర్‌గట్టి రాళ్లు అదిరేటట్టు ఒక కేక లేచింది. అత్తరు సాబ్ ఎవరి మీద చల్లుతున్నాడో చూడకుండా అత్తరు చల్లాడు. రాజన్న డప్పు మీద దెబ్బ పడింది. వివేక్ అగ్గిపెట్టె తీశాడు.

అప్పుడే కాశమ్మ రొప్పుకుంటూ వచ్చింది, వచ్చిందా అని అడుగుతూ. ఎవరో అన్నీ వచ్చినయమ్మా అన్నారు. ఆమె భర్త మొహం చూసింది. అతను టీవీ వైపే చూస్తున్నాడు, కళ్లార్పకుండా, ఆ ఎండాకాలం పట్టాల వైపు చూసినట్టే. వరుసలో చివర కనిపిస్తున్నది తెల్ల ఓడ. స్వీటీ ఓడ పొట్ట ఎరుపు, ఫొటో ఇంట్లో గోడకే ఉంది.

"డప్పులాపుమను," అన్నాడు.

ఎవరూ వినలేదు. వినబడే చప్పుడు కాదది. నాగమణమ్మకు అతని పెదాలు కదలడం కనబడింది. బేరాల వేళ గల్లా దిగని మనిషి, ఆ రోజు చెప్పులు కూడా వేసుకోకుండా దిగివచ్చి రాజన్న డప్పు మీద అరచెయ్యి పెట్టింది. చప్పుడు ఆగింది. వివేక్ విసుగ్గా, ఏమైందక్కా, టీవీలనే చెప్పిన్రు గద, ఇంకా ఏం గావాలె అన్నాడు.

ఇశ్రాయేలు అతని వైపు చూడలేదు.

"ఇంజను పోయింది. బండి పోలె."

ఆ మాట తెలిసినవాళ్లు అక్కడ కొందరే ఉన్నారు. రాజన్నకు తెలుసు. అతను డప్పు కర్రలు నడుముకు చెక్కుకున్నాడు.

టీవీలో ఇంకో బొమ్మ. ఢిల్లీలో ప్రెస్ మీట్. బల్ల, మైకులు, నీళ్ల సీసా, మంత్రి పేరు రాసిన పలక, దాని వెనక కుర్చీ. కుర్చీ ఖాళీ. మంత్రి ఈ క్షణమో ఆ క్షణమో వస్తారని చెబుతూ వచ్చారు. రాలేదు. విలేకరులు గడియారాలు చూసుకుంటున్నారు. విజయం చెప్పుకోవడానికి కూడా రాని మంత్రి ఏం మంత్రి అన్నాడొక యాంకరు. లోపల గొడవైందని, రాజీనామా అడిగారని ఇంకో ఛానల్. వివేక్ తల పట్టుకున్నాడు. పేరు కొట్టేసే మోకా వచ్చింది, ఈయన యాడ గూసున్నడో అని గొణిగాడు.

ఇశ్రాయేలు ఆ ఖాళీ కుర్చీని చూస్తున్నాడు. మొదట ఊరికే చూశాడు. తర్వాత టీవీకి ఇంకో అడుగు దగ్గరగా జరిగాడు. ఇలాంటి కుర్చీని అతను ఇదివరకు చూశాడు. వాన పడుతున్నప్పుడు, నయాపూల్ దగ్గర, వేదిక మీద. శాలువాలు కప్పుతుంటే, అయిపోయిందని మైకులో చెబుతుంటే, ఒక కుర్చీ అట్లాగే ఖాళీగా ఉంది. ఆ కుర్చీ మనిషి అప్పుడు ఎక్కడున్నాడు?

వెనక.

కొస ఇంకా రాలేదన్నది నిజం. కొసను పట్టుకుని అమరనాథ్ ఉన్నాడన్నదీ నిజం. ముందల పెట్టలేను అన్నాడు గానీ వదిలేస్తానని అనలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి బండి తోక చూసి బతికిన తాను, సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అందరిలాగే ఇంజను పక్కన జాగా అడిగాడు. కాశమ్మ చెయ్యి పట్టుకుని, ఆగు, అమర్ భాయ్ ఇంకా కొస కాడనే ఉన్నడు, అంటే పిల్ల ఇంకా వస్తనే ఉన్నది, అన్నాడు. ఆమెకు సగమే అర్థమైంది. అయినా చెయ్యి విడిపించుకోలేదు.

అంతమంది జనం, నిలబడి ఖాళీ కుర్చీని చూశారు. ఎవరూ ఇంటికి పోలేదు. పటాకుల మీద కాళ్లు పడకుండా వివేక్ తనే కాపలా కాశాడు. సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినిపించింది. అత్తరు సాబ్ పోయి వచ్చి, ఆయా క్యా అని అడిగాడు. ఇంకా లేదన్నారు. ఆయన మళ్లీ కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

అప్పుడు టీవీ మీద బొమ్మ ఒకసారి చెదిరి, కుదురుకుంది.

దూరంగా, ఎండ వాలుతున్న నీళ్ల మీద ఒక ఓడ. పొట్ట ఎర్రగా ఉంది, తుప్పు చారలు కారాయి. పొగ మెల్లగా, ఆగి ఆగి వదులుతోంది. దాని వెనక, దాదాపు తాకేటంత దగ్గరగా, కొండంత యుద్ధనౌక. అంత పెద్దది మొదట వచ్చిన వరుసలో ఎక్కడా లేదు. ఊరేగింపులో ఏనుగు ఎప్పుడూ ముందుండేది. ఈ ఊరేగింపులో ఏనుగు వెనక నడుస్తోంది.

"అదే," అంది కాశమ్మ.

ఇశ్రాయేలు ఎర్ర ఓడను చూడలేదు. దాని వెనక చూశాడు. యుద్ధనౌక వెనక ఖాళీ నీళ్లు తప్ప ఇంకేం లేవని నిమ్మళంగా చూసుకున్నాడు. అప్పుడు మెట్టు మీద కూర్చున్నాడు.

ఢిల్లీలో తలుపు తెరుచుకుంది. తెల్లబట్టల నౌకాదళం పెద్ద అధికారి ముందు వచ్చాడు, అతని వెనక అమరనాథ్, గడ్డం గీసుకోని మొహంతో. అధికారి హిందీలో చెప్పాడు. అందరినీ ఆ ముసలి ఓడ నడకతోనే నడిపించారు. ఇరుకు దారి మధ్యలో ఆఖరి ఓడ ఇంజను ఆగిపోయింది. ముందు ఓడలు ఆగితే అందరికీ ముప్పు కనుక వాటిని సాగనిచ్చారు. ఇంజను బాగయ్యేదాకా పెద్ద యుద్ధనౌక ఆ ఓడకు అడ్డంగా నిలబడింది. రెండు డ్రోన్లు వస్తే కూల్చింది. అన్నిటికంటే బలమైన నౌకను అన్నిటికంటే వెనక పెట్టమన్నది మంత్రిగారు. తాను మొదట వద్దన్నానని, పటం ముందు కూర్చుని లెక్క చూసుకున్నాక ఆయన మాటే సరి అనిపించిందని అధికారి ఒప్పుకున్నాడు. ఇంతసేపూ ఆయన ఆ పటం ముందు నుంచి లేవలేదు, చాయ్ తాగమన్నా తాగలేదు. అధికారి మొహం మీద అలసట, దాని కింద నవ్వు.

ఒక విలేకరి లేచాడు. ఓడలు బయటపడ్డాయని మధ్యాహ్నమే దేశమంతా తెలిసిపోయింది కదా, మంత్రిగారు మమ్మల్ని ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టారని గట్టిగానే అడిగాడు.

అమరనాథ్ మైకు దగ్గరికి వంగాడు. పత్తర్‌గట్టిలో బేరమాడేటప్పటి హిందీలోనే చెప్పాడు.

"ఇంజన్ గయా థా సాబ్. గాడీ నై గయీ థీ."

ఢిల్లీ విలేకరులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఓడల మధ్య బండేమిటో, ఇంజనేమిటో వాళ్లకు తెలియలేదు. అమరనాథ్ కెమెరా వైపు తిరిగి, కుడిచెయ్యి పక్కకు చాచి, మెల్లగా పైకీ కిందికీ ఊపాడు. దండం కాదు, టాటా కాదు. బండి చివరి పెట్టెలోంచి గార్డు జెండా ఊపే తీరు అది. అంతా వచ్చింది, ఏదీ తెగిపోలేదు అని చెప్పడం.

పత్తర్‌గట్టిలో ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు. జనం ఏమనుకుంటారో చూడలేదు. ఉద్యోగంలో ఉన్నప్పటి లాగే కాళ్లు దగ్గరగా పెట్టి, చెయ్యి చాచి, టీవీలోని మనిషికి తిరిగి ఊపాడు. చేతిలో జెండా లేదు. పక్కనున్న కాశమ్మ తన ఆకుపచ్చ చీర కొంగు అతని వేళ్లలో పెట్టింది.

వివేక్ అగ్గిపుల్ల పట్టుకుని, ముట్టించకుండా ఇశ్రాయేలు వైపు చూస్తున్నాడు. రాజన్న కర్రలు చేతిలోకి తీసుకుని నాగమణమ్మ వైపు చూస్తున్నాడు. ఆమె గల్లా మీది చెంబు కాగితం తీసి పారేసి, హోటల్ మనిషికి ఇచ్చి, నిండా చాయ్ పోసుకురమ్మంది. అప్పుడు ఇటు తిరిగింది.

"ఇగ కొట్టు రాజన్నా," అంది. "బండి పోయింది."